ఆరో మంచం మీద కుప్పం బస్సు

ఆస్పత్రి కథ ఎవరు రాసినా డాక్టరుతో మొదలుపెడతారు. ఈ కథ బెడ్‌పాన్ మోసిన మనిషిది. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన ఇరవై రెండు మంచాల ఎముకల ఆస్పత్రిలో, 1997 ఆగస్టులో, ఆరో నంబరు మంచం మీదున్న కుప్పుస్వామి పిచ్చివాడు కాదని అందరికంటే ముందు కనిపెట్టింది ఆయా మునిరత్నమ్మ.

ఆమెది పెద్దమండ్యం పక్క పల్లె. ఇంటిల్లిపాదీ శనక్కాయ పీకే కూలీలు. మునిరత్నమ్మ ఐదో తరగతి దాకా చదివింది. అక్షరాలు ఎక్కువ రాయలేదు గానీ, ఎంత జోరుగా పోయే బస్సుకైనా బోర్డు చదివేసేది. మదనపల్లెకొచ్చి ఆయాగా చేరి ఎనిమిదేళ్ళయింది. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కితే సాయంత్రం ఏడింటికి దిగడం. నర్సులకు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారుతుంది. ఆయాలకు మారదు. పన్నెండు గంటల డ్యూటీ అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. కానీ కుప్పుస్వామి బతుకు నిలబడింది ఆ అన్యాయం వల్లే. ఆయన పొద్దున ఎట్లా ఉంటాడో, సాయంత్రం ఎట్లా ఉంటాడో రెండూ చూసిన మనిషి ఆ ఆస్పత్రి పనివాళ్ళలో ఆమె ఒక్కతే.

కుప్పుస్వామి శాంతిపురం మనిషి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో ముప్పై ఏళ్ళు విజిలు ఊదాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దని ముప్పై ఏళ్ళు జనాన్ని తిట్టినవాడు, మదనపల్లె బస్టాండులో తాను ఫుట్‌బోర్డు మీదనుంచే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఈ మాట ఆయనే పొద్దున పూట నవ్వుతూ చెప్పేవాడు. ఆపరేషన్ బాగా జరిగింది. రాడ్డు పడింది. మూడో రోజు సాయంత్రం వార్డులోకి బస్సు వచ్చింది.

"రైట్, రైట్. పలమనేరు దిగేవాళ్ళు ముందుకు రావల్ల" అన్నాడు కుప్పుస్వామి, మంచం మీద లేచి కూర్చోబోతూ.

పక్కన ఐదో మంచంలో వెంకటప్ప. ట్రాక్టరు కింద కాలు పడి, ఆ కాలికి బరువు కట్టి పైకి వేలాడదీసి ఉన్నారు. కుప్పుస్వామి ఆ కాలికేసి చూసి కోప్పడ్డాడు.

"ఓ సామీ, కాలు లోపల పెట్టుకో. ఎదురుగా లారీ వస్తాండాది."

"యాడ పెట్టుకునేదప్పా, ఇటికరాళ్ళు కట్టి తగిలించినారు" అన్నాడు వెంకటప్ప.

"లగేజీ ఉందా అయితే. టికెట్టు తీసుకో."

"నాకు హాఫ్ టికెట్టు కొట్టు. కాలు ఒకటే పని జేస్తాండాది."

వార్డంతా నవ్వింది. కుప్పుస్వామి పేపరు ముక్కలు చించి అందరికీ టికెట్లిచ్చాడు. సాయంత్రం నర్సు సుమలత పరుగెత్తుకొచ్చి పడుకోమంటే, "సీటు లేదమ్మా, బానెట్ మింద కూసో" అన్నాడు. అంతవరకు సరదాగానే ఉంది. తర్వాత స్టేజీ వచ్చిందని మంచం దిగబోయాడు. కొత్తగా రాడ్డు వేసిన తుంటి. దిగితే పని అయిపోయేది. సుమలత, వాచ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి పట్టుకున్నారు. గాజుగుడ్డ పట్టీలతో రెండు చేతులూ మంచానికి కట్టేశారు. సుమలతను తప్పు పట్టేముందు ఒకటి చెప్పాలి. ఇరవై రెండు మంచాలకు ఆ పూట ఆమె ఒక్కతే నర్సు. మనిషి ఉండాల్సిన చోట మనిషిని పెట్టకపోతే ఆ చోట గుడ్డ పట్టీ వస్తుంది.

"కట్టేస్తే ఎద్దుకు గూడా తిక్క రేగుతాది గదమ్మా" అంది మునిరత్నమ్మ.

"అయితే నువ్వే కూసో, పొద్దన్నదాకా" అంది సుమలత. ఏడింటికి మునిరత్నమ్మ డ్యూటీ దిగిపోవాలి. ఇంట్లో పొయ్యి మీద ఏమీ లేదు.

మర్నాడు పొద్దున ఆమె ఒళ్ళు తుడవడానికి వస్తే, కుప్పుస్వామి మర్యాదస్తుడిలా పడుకొని ఉన్నాడు. మణికట్ల మీద ఎర్రగా గీతలు.

"ఏమ్మా, నిన్న నేనేమన్నా గొడవ జేసినానా?" అన్నాడు చిన్న గొంతుతో.

"బస్సు తోలినావప్పా."

"తోలింటే డ్రైవర్ని. నేను కండక్టర్ని గదా" అని నవ్వబోయి, చేతులు దుప్పటి కింద దాచుకున్నాడు.

తొమ్మిదింటికి డాక్టరు శివకుమార్ రౌండ్లకొచ్చాడు. ఏ ఊరు, ఏ వారం, ఎవరు నువ్వు అని అడిగాడు. అన్నీ సరిగ్గా చెప్పాడు కుప్పుస్వామి. "బాగానే ఉన్నాడే" అన్నాడు డాక్టరు. సాయంత్రం మళ్ళీ బస్సు. ఆ మర్నాడు పొద్దున మళ్ళీ పెద్దమనిషి. పొద్దున నర్సు రేఖ కేస్ షీట్లో 'బాగున్నాడు' అని రాస్తుంది, సాయంత్రం సుమలత 'మెంటల్‌గా ఉన్నాడు' అని రాస్తుంది. ఇద్దరూ చూసిందే రాశారు. ఇద్దరూ కలుసుకునేది మెట్ల దగ్గర, ఒకరు ఎక్కుతూ, ఒకరు దిగుతూ.

నాలుగు రోజులు చూసి, సోమవారం డాక్టరు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇది పాత మానసిక జబ్బు, ఎముకల డాక్టరు పని కాదు, బెంగుళూరు పిచ్చాసుపత్రికి లెటరు రాసిస్తానన్నాడు. కుప్పుస్వామి భార్య చెంగమ్మ ఒప్పుకోకముందే ఆమె తమ్ముడు ఒప్పుకున్నాడు. గురువారం పొద్దున పదింటికి వ్యాను వస్తుంది.

చెంగమ్మ కుళాయి దగ్గర మునిరత్నమ్మ కొంగు పట్టుకుంది. "ఆయన్ను ఆడ ఏస్తే నేనింక బస్సెక్కలేనమ్మా. ఈ రూట్లో ప్రతి బస్సులోనూ ఆయన్ను ఎరిగినోళ్ళే. కండక్టరు కుప్పుస్వామికి పిచ్చంట గదా అని అడిగితే నేనేం జెప్పేది? తుంటి ఇంకా అతుకు పడలే. ఆ గుంతల్లో వ్యానులో తీసకపోతే మనిషే మిగలడు."

మునిరత్నమ్మకు ఏం చెయ్యాలో తెలియలేదు. డాక్టరుతో ఆయా మాట్లాడడం ఆ ఆస్పత్రిలో లేదు. డాక్టరు ఆయాతో మాట్లాడ్డం ఉంది. "పక్కకు జరుగు" అనడానికి.

మంగళవారం పొద్దున ఒళ్ళు తుడుస్తూ ఊరికే అడిగింది. "ఏమప్పా, అంత జనంలో ఎవురు యాడ ఎక్కిందీ, యాడ దిగిందీ నీకెట్ల గుర్తుండేది?"

"గుర్తెందుకమ్మా, ఎస్సార్ షీటు ఉండాదిగా. ప్రతి స్టేజీలోనూ బండి ఆపి రాయల్ల. టైమెంత, స్టేజీ ఏది, టికెట్లు యాడిదాకా వచ్చినాయి. నేను దిగిపోయి ఇంకొకడు ఎక్కినా, ఆ కాగితం సూస్తే బండి కథంతా తెలిసిపోవల్ల. రాయకుంటే చెకింగోడు పట్టుకుంటాడు."

మునిరత్నమ్మ తుడిచే గుడ్డ బక్కెట్లో వదిలేసింది. వెనకటి పేషెంటెవరో వదిలిపోయిన ఎక్స్‌రే కవరు చించి, తెల్లటి లోపలి వైపు మూడు గీతలు గీసింది. పైన మదనపల్లె, మధ్యలో పుంగనూరు, కింద కుప్పం. దాన్ని మంచం తల దగ్గర వేలాడదీసి, తాడుతో పెన్సిలు కట్టింది. తొమ్మిదింటికి డాక్టరు రౌండ్లకొచ్చేటప్పుడు మాత్రం పరుపు కింద దాచేది. ఆమె పెట్టిన రూలు ఇది. ఈ మంచం దగ్గరికి ఎవరొచ్చినా ఒక మాట మాట్లాడించి టైము రాయాలి. ఊరు, వారం, మనిషి తెలిస్తే మదనపల్లె. సగం తెలివి, సగం తిక్క అయితే పుంగనూరు. బస్సు పూర్తిగా కదిలిపోయి ఉంటే కుప్పం.

రేఖ వచ్చి చూసి నడుము మీద చెయ్యి పెట్టింది. ఆమెది పుంగనూరు.

"మా ఊరు సగం తిక్కా?"

"మీ ఊరు మద్దెలోనే గదమ్మా ఉండాది. నేనేం జేసేది?"

రేఖ నవ్వింది గానీ పెన్సిలు తీసుకుంది. మధ్యాహ్నం సుమలత కూడా రాసింది. ఊడ్చేవాళ్ళు నోటితో చెప్తే వెంకటప్ప రాశాడు. వెంకటప్పకు పగలంతా వేరే పని లేదు కాబట్టి ఆయనే పెద్ద గుమస్తా అయ్యాడు. ఒకచోట 'నాలుగూ పది, పలమనేరు' అని రాసిపెట్టాడు.

"పలమనేరు రూల్లో లేదప్పా" అంది మునిరత్నమ్మ.

"ఆడ బండి ఆగింది గదమ్మా. ఆయన దిగమంటా ఉంటే నేను విన్నా."

బుధవారం పొద్దునకే కాగితం నోరు తెరిచింది. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అన్నీ మదనపల్లెలే. రెండున్నరకు పుంగనూరు. మూడున్నర నుంచి కుప్పం. బస్సు బయలుదేరే టైము రెండు. వార్డులో రెండింటికి జరిగేది ఒకటే. ఇంజెక్షన్.

మునిరత్నమ్మ చెత్తబుట్టలోంచి ఖాళీ మందు సీసా ఏరుకొని మెట్ల కింద మందుల షాపుకు పోయింది. కాంపౌండరు వెంకటేశులు పాతికేళ్ళుగా ఆ కిటికీ వెనక ఉన్నాడు. వార్డులోకి ఎవరూ రమ్మనలేదు, ఆయనా పోలేదు.

"ఇదేం మందప్పా?"

వెంకటేశులు కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. "దురదకు, నిద్రకు. కుర్రోళ్ళకు సరే. ముసిలోళ్ళకు ఇది తిక్క లేపుతాది. ఉచ్చ గూడా బిగబడతాది. ఎవురికి ఇస్తాండారు?"

"ఆరో మంచానికి. దినామూ."

"ఆయప్పకు పట్టీ కింద దురదని ఒక్క దినానికి గదా రాసింది?"

ఒక్క రోజుకే రాశారు. ఆపమని ఎవరూ రాయలేదు కాబట్టి ఇస్తూ పోయారు. రాసినవాళ్ళు పొద్దున మనుషులు, ఇచ్చేవాళ్ళు సాయంత్రం మనుషులు, అమ్మేవాడు కింద మనిషి. మునిరత్నమ్మకు ఇంకోటి కూడా వెలిగింది. రెండు రోజులుగా ఆరో మంచం బెడ్‌పాన్ తేలిగ్గా ఉంది. ఆ బరువు ఆమెకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

పైకొచ్చి రేఖను పట్టుకుంది. రేఖ కుప్పుస్వామి పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. డోలులా ఉంది. డాక్టరు ఇంటికి ఫోను చేసింది.

"ఇంజెక్షన్ ఆపాలని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు డాక్టరు.

"షీటు చెప్పింది సార్."

"ఏ షీటు?"

"తర్వాత చెప్తాను సార్. ముందు ట్యూబు పెట్టమంటారా, వద్దా?"

విసుక్కుంటూనే పెట్టమన్నాడు, ఇంజెక్షన్ ఒక్క పూట ఆపి చూడమన్నాడు. రెండింటికి రేఖ ఇంటికి పోలేదు. సుమలత కూడా ఆమె పోయేదాకా ఆగకుండా మంచం దగ్గరికి వచ్చేసింది. ఆ ఆస్పత్రి పుట్టాక పొద్దున నర్సూ సాయంత్రం నర్సూ ఒకే మంచం దగ్గర నిలబడి మాట్లాడుకోవడం అదే మొదలు. ట్యూబు పెడితే మూత్రం లీటరుకు కాస్త తక్కువ వచ్చింది. కుప్పుస్వామి కళ్ళు మూసుకొని, "అబ్బా, టైరు గాలి దిగినట్టుండాది" అన్నాడు.

ఇంకో పని మిగిలింది. కుప్పుస్వామి కళ్ళజోడు, చేతి గడియారం, పెట్టుడు పళ్ళు ఎక్కడున్నాయని మునిరత్నమ్మ ముందు రోజే చెంగమ్మను అడిగింది.

"ఆస్పత్రిలో పోతాయని ఇంట్లో రాగుల డబ్బాలో పెట్టొచ్చినాను. శాంతిపురంలో భద్రంగా ఉండాయి."

మన వైపు ఇది అందరూ చేసేదే. మనిషిని ఆస్పత్రిలో పెట్టి, ఆయన కళ్ళూ పళ్ళూ ఇంట్లో దాచిపెడతాం. ముప్పై ఏళ్ళు గడియారం చూసి బతికిన మనిషి కట్టుకొయ్యలా గోడకేసి చూస్తూ పడుకొని ఉన్నాడు. టైమెంతయిందో తెలీదు, వచ్చిందెవరో ఆనదు. శాంతిపురం పోయి రావడమంటే ఒక రోజు. దానికి చెంగమ్మే దారి చెప్పింది. బుధవారం పొద్దున ఆరింటి కుప్పం బస్సు కండక్టరుకు కబురు పెట్టారు. కుప్పుస్వామి పేరు చెప్తే చాలు. పోతూ శాంతిపురంలో ఆ కబురు చెప్తే, తిరుగు బస్సు వేళకు పక్కింటామె డబ్బా తీసి స్టాపులో నిలబడింది. పళ్ళూ, కళ్ళూ, గడియారమూ పాత టవల్లో మూటగట్టి, టికెట్ల సంచిలో పెట్టుకొని, దీపాలు పెట్టే వేళకు మదనపల్లెకు చేర్చాడా కండక్టరు. మూట విప్పితే రాగిపిండి రాలింది. పళ్ళు కడిగి పెట్టగానే కుప్పుస్వామి "రైట్" అన్న మాటలో మొదటిసారి రకారం పలికింది. సుమలత షీట్లో 'ఆరున్నర, పుంగనూరు' అని రాసింది. కుప్పం ఆ రోజు రాలేదు. ఆ సాయంత్రం పట్టీలు కట్టలేదు. చెంగమ్మ చెయ్యి పట్టుకొని పక్కన కూర్చుంది.

గురువారం పదింటికి వ్యాను వచ్చింది. చెంగమ్మ తమ్ముడు దుప్పట్లు మడుస్తున్నాడు. డాక్టరు లెటరు జేబులో పెట్టుకొని వచ్చి, తల దగ్గర వేలాడే ఎక్స్‌రే కవరు చూశాడు.

"కేస్ షీటు పక్కన ఈ చెత్తేంటి? ఎవరు పెట్టారు?"

మునిరత్నమ్మ చేతిలో బక్కెట్టు ఉంది. ఎనిమిదేళ్ళ ఉద్యోగం ఆ బక్కెట్లో ఉన్నట్టు దాన్నే చూస్తోంది.

"నేను సార్" అంది చివరికి.

"నేనూ రాసినాను సార్" అంది రేఖ. డ్యూటీ లేకున్నా వచ్చిన సుమలత, "నేనూ" అంది. మెట్ల మీద నుంచి వెంకటేశులు తల పెట్టి, "మందు సంగతి నేను చెప్పినా సార్" అన్నాడు.

"పలమనేరు నాది సార్" అన్నాడు వెంకటప్ప.

డాక్టరు ఏదో అనబోయి, షీటు చదివాడు. మళ్ళీ చదివాడు. రెండింటి దగ్గర వేలు పెట్టి కిందికి జరిపాడు. అతను చెడ్డవాడు కాదు. తొమ్మిదింటికి మాత్రమే వచ్చేవాడు, అంతే. నెమ్మదిగా మంచం అంచున కూర్చున్నాడు.

"దీన్ని డెలీరియం అంటారు. పిచ్చి కాదు. ఒంట్లో ఏదో తేడా వస్తే బుర్ర కాసేపు దారి తప్పుతుంది. తేడా సరిచేస్తే తిరిగొస్తుంది. పుస్తకంలో చదివాను నేను."

"సంధి అంటాం సార్ మేము" అంది చెంగమ్మ. "మా అత్తకు విషజ్వరంలో పుట్టింది. మూడు దినాలు ఏందేందో మాట్లాడి, జొరం దిగినాక బాగైపాయ."

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా."

"ఎవురడిగినారు సార్?"

డాక్టరు లేచి నిలబడ్డాడు. వ్యానును సాయంత్రం దాకా ఆపమన్నాడు. ఐదింటికి తానే వస్తానన్నాడు. ఆ డాక్టరు సాయంత్రం ఐదింటికి వార్డులో కనిపించడం అదే మొదటిసారి కాబట్టి, పేషెంట్లు తలలు దువ్వుకొని కూర్చున్నారు.

"కుప్పుస్వామీ, ఎక్కడున్నావు?"

కుప్పుస్వామి చుట్టూ చూశాడు. రేఖ, సుమలత, వెంకటేశులు, చెంగమ్మ, బక్కెట్టుతో మునిరత్నమ్మ. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"ఐదూ పది. కుప్పం బండి ఇప్పుడు బస్టాండు దాటతా ఉంటాది" అన్నాడు. వెంకటప్ప 'పోయె' అని తల కొట్టుకున్నాడు. చెంగమ్మ తమ్ముడు వ్యాను తాళాల వైపు చూశాడు. కుప్పుస్వామి తాపీగా కళ్ళజోడు సర్దుకున్నాడు. "నేను మాత్రం ఆస్పత్రిలో ఉండాను సార్. మదనపల్లె, ఆరో మంచం, గురువారం. డ్యూటీలో లేను. ఆ బండి ఎవురో తోలుకుంటారులే."

వార్డు వార్డంతా విజిళ్ళు వేసింది. ఐదో మంచం ఊగి, వెంకటప్ప కాలికి కట్టిన బరువు ఊగి, "లారీ, లారీ" అని ఆయనే అరిచాడు. వ్యాను ఖాళీగా తిరిగిపోయింది. డాక్టరు లెటరు జేబులోంచి తీసి ఏం చెయ్యాలో తోచక చేతిలో పట్టుకొని ఉంటే, మునిరత్నమ్మ చెయ్యి చాచింది.

"ఇట్లియ్యండి సార్. షీటు అయిపోయింది. దీనెనక ఖాళీగా ఉండాది."

తర్వాత ముసలివాళ్ళ మంచాలన్నిటికీ మూడు స్టాపుల షీటు వచ్చింది. ఊరికే రాలేదు. రేఖ, సుమలత కలిసి రెండు నెలలు అడగ్గా అడగ్గా వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి పావుగంట ఇద్దరు నర్సులూ, ఆయా, కింది నుంచి కాంపౌండరు ఒకచోట నిలబడి మాట్లాడుకోవాలని డాక్టరు రాసిపెట్టాడు. నిలబడి కాదు, కూర్చుని అని మునిరత్నమ్మ దిద్దించింది. ఆయాకు కుర్చీ ఎందుకని ఒకరిద్దరు గొణిగారు. కుర్చీ వచ్చింది. చేరేటప్పుడే కళ్ళూ పళ్ళూ తెచ్చుకోమని గేటు దగ్గర బోర్డు పెట్టారు. పట్టీలు గాయాలకు మాత్రమే వాడారు.

2004లో కుప్పంలో ఒక ఆస్పత్రి వాళ్ళు ఈ సంగతి విని, వచ్చి చెప్పమన్నారు. డాక్టరును పిలిచారు. డాక్టరు మునిరత్నమ్మను, రేఖను పంపాడు. రూటు తనదని కుప్పుస్వామి కర్ర పట్టుకొని తానూ ఎక్కాడు. డెబ్బై ఐదేళ్ళు. దారిపొడుగునా కండక్టరు తప్పులు ఎంచుతూ వచ్చాడు.

కుప్పంలో నర్సులు, ఆయాలు అందరూ ఒకే గదిలో కూర్చున్నారు. మునిరత్నమ్మ బోర్డు మీద మూడు పేర్లు రాయగానే ముందు వరసలో ఒక నర్సు లేచింది.

"అక్కా, తెలివుంటే మదనపల్లె, తెలివి తప్పితే మా కుప్పమా? ఈడ పడుకున్నోడు 'కుప్పంలో ఉండాను' అని సరిగ్గా చెప్తే పిచ్చని రాయల్నా?"

మునిరత్నమ్మ తిరిగి బోర్డు మీది పేర్లు చదువుకుంది. ఏడేళ్ళలో ఈ ఆలోచన ఆమెకు రాలేదు. గదంతా నవ్వులు. చివరికి బస్సును తిప్పారు. కుప్పంలో తెలివంటే కుప్పం, తిక్కంటే మదనపల్లె. ఏ ఊరివాళ్ళకు ఆ ఊరే తెలివి.

"అంతా బాగుండాది" అంది రేఖ. "ఎట్ల తిప్పినా పుంగనూరోళ్ళం సగమేనా?"

"నువ్వు బాధపడొద్దమ్మా" అన్నాడు కుప్పుస్వామి వెనక కుర్చీలోంచి. "పోయేటోళ్ళూ వచ్చేటోళ్ళూ టీకి దిగేది ఆడే."

తిరుగు బస్సులో ఎండ వాలింది. పలమనేరు దాటాక కుప్పుస్వామి కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఎగుడుదిగుడు రోడ్డు మీద ఉలిక్కిపడి లేచి, కళ్ళు చిట్లించి, "టికెట్, టికెట్" అన్నాడు. మునిరత్నమ్మ ఆయన వైపు తిరిగింది. సాయంత్రం, ఎండ, ముసలి ఒళ్ళు, పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు. చెయ్యి దానంతటదే సంచిలోని కాగితం మీదికి పోయింది.

"యాడుండామప్పా?" అంది మెల్లగా.

కుప్పుస్వామి కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. గడియారం చూశాడు. బయటికి చూశాడు.

"పుంగనూరు" అన్నాడు.

ఆమె పెన్సిలు తీసింది. అప్పుడే బస్సు బస్టాండులోకి తిరిగింది. ఎదుటి బోర్డును ఎప్పట్లా మలుపులోనే చదివేసింది మునిరత్నమ్మ. పుంగనూరే. రేఖ సంచి తీసుకొని ఇంటికి పోవడానికి లేస్తోంది.

"నీళ్ళు తాగప్పా ముందు" అంది మునిరత్నమ్మ, పెన్సిలు లోపల పెట్టి సీసా మూత తీస్తూ.

"టీ తాగుదాం పదమ్మా" అన్నాడు కుప్పుస్వామి, కర్ర అందుకుంటూ. "పది నిముషాలు ఆపుతాడు. నాకు తెల్సు."